కదలని అంకె

కిందటి వారం రంపం మిల్లు ఓనరు కారు, గేర్లు బాగుచేసే మన గేరక్క షెడ్డు ముందుకొచ్చి ఆగింది. మన కథ కూడా అక్కడే ఆగింది.

అది ఏ కారో గుర్తుండే ఉంటుంది. పదకొండు వారాల కిందట తెల్లవారుజామున, సైకిలు మీద పేపర్లు వేసే మనిషిని ఏదో బండి కొట్టి పోయింది. ఆ దారినే మందుల వ్యాను తోలుకొస్తున్న గేరక్క తమ్ముడు, రోడ్డు మీద పడున్న మనిషిని ఎత్తి వ్యానులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. మనిషి దక్కలేదు. వ్యానులో రక్తం మాత్రం దక్కింది పోలీసులకి. చేసిన మేలే మెడకి చుట్టుకుని తమ్ముడు జైల్లో కూర్చున్నాడు.

"నాకు మిల్లు కారు ఎదురొచ్చింది. ఇంజను గోలపెడుతోంది గానీ బండి పరుగెత్తట్లేదు" అని మొదటి రోజునుంచీ తమ్ముడిది ఒకటే మాట. ఆ మాటకి విలువ లేకుండా చేసింది మిల్లు గేటు పుస్తకం. ఓనరు ఇల్లు మిల్లు వెనకే. సాయంత్రం కారు ఇంటికి పోయేటప్పుడు ఒకసారి, పొద్దున మిల్లుకి వచ్చినప్పుడు ఒకసారి, మీటర్లో కిలోమీటర్ల అంకె చూసి వాచ్‌మన్ రాసిపెడతాడు. డ్రైవర్లు బండిని సొంతానికి తిప్పుతారని ఓనరుకి అనుమానం. ఆ రోజు పొద్దున రాసిన అంకె, ముందు సాయంత్రం రాసిన అంకె అక్షరాలా ఒకటే. కదలని కారు మనిషినెలా కొడుతుంది? పైగా తమ్ముడు ఆ మిల్లులోనే పనిచేసి, గొడవపడి మానేసినవాడు. పగతో అంటున్నాడన్నారు. ఎల్లుండి వాయిదా. ఎల్లుండిలోపు కొత్త సంగతేదీ దొరక్కపోతే ఇక చెయ్యగలిగింది లేదని వకీలు చెప్పేశాడు.

ఇక ఇవాళ్టి సంగతి.

మిల్లు డ్రైవరు కారు దిగి తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేశాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఎప్పుడూ చొక్కా గుండీలన్నీ పెట్టుకునే ఉంటాడు.

"అమ్మాయ్, మీటర్లో ముల్లు పడిపోతోంది" అన్నాడు. "నలభైలో పోతుంటానా, ఉన్నట్టుండి సున్నాకి పడుతుంది. గేరు మారదు. రెండోదాన్ని పట్టుకుని వేలాడుతుంది. మళ్లీ దానికే బుద్ధిపుట్టి ఒక్క కుదుపు కుదిపి మారుతుంది. నడుం విరిగింది నాకు."

"ఓనరుగారు మా షెడ్డుకి పంపారా?" అంది గేరక్క.

డ్రైవరు జవాబు చెప్పే ముందు రోడ్డు వైపు చూశాడు. "ఓనరు ఊళ్లో లేడు. నాలుగింటికి రైలు దిగుతాడు. స్టేషనుకి ఈ కారే పోవాలి. దారిలో ఆగిందంటే నా ఉద్యోగం దిగుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పేవాళ్లు ఊళ్లో నువ్వు కాక ఇంకెవరున్నారు? కొంచెం ఆయిలు పోసి పంపించెయ్. మిగతావేం కదపకు."

"మిగతావంటే?"

"మిగతావంటే మిగతావే."

గోడ పక్కన పనిబల్ల ముందు స్టూలు మీద కూర్చుని ఉన్న ముసలాయన తల ఎత్తాడు. ఆయన గేరక్క తండ్రి. ఊరంతా పెద్దమేస్త్రి అంటారు. కళ్లకి పొర కమ్మాక బండ్లలో వైర్ల పని మానేసి, తడిమి చేసే చిన్న పనులు మాత్రం చేస్తున్నాడు. పాత వైర్ల మీది తొడుగు గోరుతో చీల్చుకుంటూ, ఈ కారు ఇంజను ఆగినప్పటినుంచీ ఒక్కమాట కూడా మాట్లాడలేదు.

"ఒకసారి తోలి చూడాలి బాబాయ్" అంది గేరక్క. చేతులు గుడ్డకి తుడుచుకుని సీట్లో కూర్చుంది. డ్రైవరు పక్కన ఎక్కాడు, ఇష్టం లేని పెళ్లికి వచ్చిన చుట్టంలా.

వెనక రోడ్డు ఖాళీగా ఉంది. ఎండకి తారు మెత్తబడి టైర్ల కింద చిటపటమంటోంది. పది, ఇరవై, ముప్పై. ముల్లు బాగానే లేచింది. గేరు ఒకటినుంచి రెండుకి వెన్నలా జారింది. కల్వర్టు దగ్గర చిన్న గుంతలో చక్రం పడి లేచింది. ముల్లు వణికి, చచ్చిన పురుగులా సున్నా మీద పడిపోయింది.

గేరక్క కాలు తియ్యలేదు. ఇంజను గొంతు పెరిగింది. మూడో గేరు రావాల్సిన చోట రాలేదు. గొంతు ఇంకా పెరిగింది, కేకైంది, కేక కాస్తా ఏడుపైంది. అద్దాలు అదిరాయి. బయట చెట్లు మాత్రం నింపాదిగానే వెనక్కి పోతున్నాయి.

ఇంజను గోలపెడుతోంది గానీ బండి పరుగెత్తట్లేదు.

పదకొండు వారాలుగా తమ్ముడు ఊచల వెనకనుంచి చెప్పిన మాట ఇవాళ గేరక్క చెవులు రెండూ స్వయంగా విన్నాయి. ఆమె కళ్లు మీటర్లో ముల్లు దాటి కిందికి దిగాయి. కిలోమీటర్ల అంకె కూడా కదలడం మానేసింది. బండి పోతోంది. అంకె పోవట్లేదు.

"చాల్లే అమ్మాయ్, తిప్పు" అన్నాడు డ్రైవరు. మొహాన చెమట పట్టింది.

షెడ్డులోకి రాగానే గేరు ఆయిలు పుల్ల పైకి లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు కాఫీ డికాక్షన్‌లా ఉంది. వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది. మాడిన వాసన. రెండు రోజుల్లో వచ్చే వాసన కాదది. ఎప్పుడో ఒకసారి ఈ బండిని రెండో గేరులోనే చాలా దూరం, చాలా జోరుగా తోలారు. లోపల ప్లేట్లు కాలి, ఆ మసి ఆయిల్లో కలిసిపోయింది.

"ఆయిలెప్పుడు మార్చారు బాబాయ్?"

"నేనొచ్చాక మార్చలేదు."

"మాడిపోయింది."

"పాత కారు కదా" అన్నాడు డ్రైవరు.

గేరుబాక్సు వెనక తోకలో బొటనవేలంత సెన్సరు ఉంటుంది. చక్రాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయో లెక్కపెట్టి వైరు మీద కబురంపడం దాని పని. ఆ ఒక్క కబురుతోనే ముల్లు లేస్తుంది, అంకె తిరుగుతుంది, గేరు మార్చాలా వద్దా అని గేరుబాక్సు తేల్చుకుంటుంది. కబురు ఆగిందా, ముల్లు పడుతుంది, అంకె నిలుస్తుంది, గేరుబాక్సు గుడ్డిదై ఉన్నచోటే ఉండిపోతుంది. తెలియనివాళ్లు మీటరు పాడైందని మీటరు మారుస్తారు, గేరు పాడైందని గేరుబాక్సు దింపుతారు. గేరక్క రెంటికీ మధ్యనున్న వైరు సంగతి ముందు చూస్తుంది.

వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపింది. గేరు న్యూట్రల్లో పెట్టి తాను కారు కింద దూరింది. సెన్సరు విప్పి చూస్తే పళ్లన్నీ కొత్తగానే ఉన్నాయి. మళ్లీ బిగించి, దాని వైరుకి టెస్టరు లైటు తగిలించింది.

"బాబాయ్, ఆ చక్రం కొంచెం చేత్తో తిప్పుతావా?"

డ్రైవరు చొక్కా చేతులు మడిచి చక్రం తిప్పాడు. లైటు వెలిగింది, ఆరింది, వెలిగింది. సెన్సరు బతికే ఉంది.

ఈసారి లోపల డాష్‌బోర్డు కింద తల పెట్టి, అదే వైరు రెండో కొసకి లైటు తగిలించింది. "తిప్పు."

బయట చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. లైటు వెలగలేదు.

"తిప్పుతున్నావా?"

"తిప్పుతూనే ఉన్నాను తల్లీ, చేతులు పడిపోతున్నాయి."

కబురు బయల్దేరిన చోట ఉంది. చేరాల్సిన చోట లేదు. మధ్యలో ఎక్కడో ఎవరో కాపుకాసి పట్టుకుంటున్నారు. గేరక్క కార్పెట్టు లేపి, వైరుని వేలితో తడుముకుంటూ గడప పక్కగా వెనక్కి పోయింది. డ్రైవరు సీటు కిందికి వచ్చేసరికి వేలికి బొడిపె తగిలింది. అక్కడ వైరు తెగి ఉంది. తెగిన రెండు కొసలకీ కొత్త వైర్లు అతికి, సీటు కింద ఇనుప పట్టీ వెనక్కి తీసుకుపోయారు. పట్టీ వెనక, కూర్చున్నవాడు ఎడమ చెయ్యి వేలాడేస్తే సరిగ్గా అందే చోట, గోరంత నల్ల స్విచ్ ఉంది.

ఆమె దాన్ని నొక్కింది. చక్రం తిరుగుతూనే ఉంది. లైటు వెలిగింది. మళ్లీ నొక్కింది. ఆరింది. వేలితో కొంచెం కదిపితే నొక్కకుండానే వెలుగుతోంది, ఆరుతోంది. తెగ వాడటంతో లోపల రేకు అరిగిపోయి, గుంత వచ్చినప్పుడల్లా దానంతట అదే ఆరిపోతోంది. ముల్లు జబ్బు ఇదన్నమాట.

ఆమె బయటికి వచ్చి డ్రైవరు ఎదురుగా నిలబడింది. ఆయన ఇంకా చక్రం పట్టుకునే ఉన్నాడు.

"బాబాయ్, ఆ రోజు తెల్లవారుజామున ఈ కారు ఎవరు తీశారు?"

"ఏ రోజు?"

"నీకు తెలుసు ఏ రోజో."

"గేటు పుస్తకంలో..."

"పుస్తకం సంగతి నాకెందుకు? సీటు కింద స్విచ్ ఉంది. అది నొక్కితే ఈ కారు వంద కిలోమీటర్లు తిరిగొచ్చినా అంకె కదలదు. నీకు తెలుసా తెలియదా?"

డ్రైవరు చక్రం వదిలేశాడు. అది ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది. ఆయన అరచేతులు నల్లగా అయ్యాయి. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకున్నాడు.

"తెలియదు" అన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు, స్విచ్ సంగతి తెలియదు. ఆ రోజు నాకు సెలవు. తాళాలు ఓనరింట్లోనే ఉంటాయి. మర్నాడు పొద్దున వచ్చి తలుపు తీస్తే మాడిన కంపు. ముందు బంపరు ఒక్కటే తోమి కడిగినట్టు మెరుస్తోంది. నేను అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"అడిగితే చెబుతారేమోనని భయమేసింది."

పైన రేకుల కప్పు ఎండకి సాగి టిక్కు టిక్కుమంటోంది.

డ్రైవరు జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. పేరు గేరక్కకి కూడా కనిపించేలా పట్టుకున్నాడు. ఓనరు.

"చెప్పండయ్యా... ఆ... కారా? మిల్లులోనే ఉందండి, తుడుస్తున్నాను. లేదండి, ఎక్కడికీ తియ్యలేదు... అలాగేనండి."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "రైలు అరగంట ముందే వస్తోందట. ఎవరో చెప్పారట, కారు ఇటు వచ్చిందని. నీ కోసం ఒక అబద్ధం ఆడాను అమ్మాయ్. రెండోది ఆడే వయసు కాదు నాది. ఆ చేసేదేదో తొందరగా చెయ్యి." గేటు దగ్గరకి పోయి, రోడ్డుకి అడ్డంగా పెట్టిన రాయిలా నిలబడ్డాడు. అది తమకి కాపలానో, ఓనరుకి కాపలానో చెప్పడం కష్టం.

గేరక్క షెడ్డు వెనక్కి పోయి వకీలుకి ఫోను చేసింది. "ఒక్కసారి రండి. ఉన్నపళంగా రండి. ఫొటోలు తియ్యాలి" అంది. పక్క వీధిలోనే ఉన్నాను, పది నిమిషాల్లో వస్తానన్నాడాయన.

పది నిమిషాలు. మళ్లీ సీటు కింద తల పెట్టింది. ఇప్పుడు ఆమె చూస్తున్నది స్విచ్‌ని కాదు, అతుకుని. టేపు కొస ఊడి వేలాడుతోంది. దాన్ని మెల్లగా విప్పింది. రాగి తీగల మీద టేపు ఒక్కటే ఉంటే ఆమె అక్కడితో ఊరుకునేది. టేపు కింద దారం ఉంది. బట్టలు కుట్టే తెల్ల దారం, వార్నిష్ పూసి, వరసలు తప్పకుండా గట్టిగా చుట్టింది. ఎండకి టేపు జిగురు కరిగిపోయినా అతుకు ఊడకుండా చేసే పని అది. ఊళ్లో అలా చేసే మేస్త్రి ఒక్కడే.

ఇంకో సంగతి కూడా తట్టింది ఆమెకి. ఈ అతుకు వేసినవాడికి మీటరు పని వచ్చు, గేరుబాక్సు పని రాదు. పాత కార్లలో ముల్లుకి వేరే తీగ ఉండేది, దాన్ని కోస్తే ముల్లుకి తప్ప దేనికీ నొప్పి పుట్టేది కాదు. ఆ కాలం మనిషే, ఇది మీటరు వైరే కదా అనుకుని, గేరుబాక్సు కళ్లు కూడా పొడిచేశాడు. జీవితంలో ఒక్క గేరుబాక్సు కూడా విప్పని వైర్ల మేస్త్రి మాత్రమే చెయ్యగల పొరపాటు.

ఆమె లేచి పనిబల్ల దగ్గరకి పోయింది.

"నాన్నా, లే."

"ఏమే?"

"లే, నీకొకటి చూపించాలి."

"నాకు చూపించేదేముందే, చూపే లేనివాడికి" అన్నాడు పెద్దమేస్త్రి. అయినా లేచాడు. ఆమె చెయ్యి పట్టుకుని నడిపించి కారు గడప మీద కూర్చోబెట్టింది. ఆయన చేతిని తీసుకుని అతుకు మీద పెట్టింది.

"ఇది నీ పని" అంది. గొంతు తగ్గించే అంది గానీ ఒక్కో మాటా కొడవలిలా ఉంది. "మిల్లువాడికి స్విచ్ పెట్టిచ్చావు. వాడు దాని చాటున మనిషిని చంపాడు. నీ కొడుకు పదకొండు వారాలుగా జైలు కూడు తింటుంటే, నువ్వు ఆ స్టూలు మీద కూర్చుని వైర్లు చీల్చుకుంటున్నావు."

పెద్దమేస్త్రి బొటనవేలితో దారం వరసల్ని ఒక్కొక్కటిగా తడిమాడు. ఈ కొసనుంచి ఆ కొసకి, ఆ కొసనుంచి ఈ కొసకి. మూడోసారి తడిమేటప్పుడు ఆయన వేలు ఆగిపోయింది. ఆయన మొహంలో రంగు దిగిపోవడం గేరక్క చూసింది. కోపగించుకుంటాడనుకుంది, బొంకుతాడనుకుంది. ఆయన భయపడ్డాడు.

"నాది కాదు" అన్నాడు.

"దారం చుట్టేది ఊళ్లో నువ్వొక్కడివే."

"చుట్టడం నేర్పింది నేనొక్కణ్ణే. చుట్టేది నేనొక్కణ్ణే అనకు." ఆయన ఆమె చెయ్యి వెతికి పట్టుకుని, ఆమె వేలిని దారం మీద పెట్టాడు. "నేను కుడిచేత్తో చుడతాను. నా వరస ఇటు తిరుగుతుంది. ఇదెటు తిరిగిందో చూడు. గోరుతో గీకు. ఎటుపోతోంది?"

ఆమె గోరు వరసల మీద రెండోవైపుకి జారింది.

"మనింట్లో ఎడమచేత్తో రాస్తున్నాడని బడిలో దెబ్బలు తిన్నది ఎవరే?" అన్నాడు ముసలాయన.

గేరక్క ఆయన పక్కనే గడప మీద కూర్చుంది. మిల్లులో పనిచేసిన రెండేళ్లూ తమ్ముడు తోలింది ఈ కారే. సాయంత్రాలు, సెలవు రోజులు, ఓనరుకి తెలియకుండా సొంతానికి తిప్పుకోవడానికి పెట్టుకుని ఉంటాడు. అక్క దగ్గర గేరుబాక్సు పని నేర్చుకోరా అంటే ఏనాడూ వినలేదు. వైర్ల పని మాత్రం నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాడు.

"నాన్నా" అంది చాలాసేపటికి. "ఆ కారులో స్విచ్ ఉందని ఒక్కమాట చెబితే వాడు ఎప్పుడో బయటపడేవాడు. పదకొండు వారాలనుంచీ ఎందుకు చెప్పలేదు?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను" అన్నాడు పెద్దమేస్త్రి. "మిల్లువాడికి ఆ స్విచ్ సంగతి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో... అదీ ఆలోచిస్తున్నాను."

గేటు బయట స్కూటరు ఆగిన చప్పుడైంది. వకీలు డ్రైవరుని తప్పించుకుని లోపలికి వచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో ఫోను. పదకొండు వారాల్లో మొదటిసారి ఆయన మొహంలో వెలుగు కనిపించింది.

"ఏదమ్మా, చూపించండి."

గేరక్క కదల్లేదు. ఆ స్విచ్ చూపిస్తే తమ్ముడు బయటికొస్తాడు. ఆ అతుకు చూపిస్తే, స్విచ్ పెట్టింది వాడేనని తేలి, మిల్లువాడితో చేతులు కలిపాడంటారు, బయటికొచ్చిన కాలు మళ్లీ లోపలికే. రెండూ ఒకే వైరు మీద, జానెడు దూరంలో ఉన్నాయి.

ఆమె పక్కకి జరగకపోయినా వకీలు వంగి సీటు కిందికి ఫోను లైటు వేశాడు. స్విచ్ కనిపించింది. "అబ్బా" అన్నాడు మెల్లగా. నొక్కి చూశాడు. ఒకటి, రెండు, మూడు ఫొటోలు తీశాడు. లైటు స్విచ్ దాటి వైరు వెంట పాకింది. విప్పి ఉన్న అతుకు మీద ఆగింది.

"టేపు కింద ఈ దారమేంటమ్మా? ఇలా చుట్టడం నేనెక్కడా చూళ్లేదు. అవతలి వకీలు మొదట అడిగేది ఇదే. ఇది ఎవరి పనో మీకేమైనా తెలుసా?"

గేరక్క నోరు తెరిచింది. మాట ఏది వస్తుందో ఆమెకే తెలియదు.

"తెలుసు" అన్నాడు పెద్దమేస్త్రి, కారు పట్టుకుని లేచి నిలబడుతూ. "నాదే. నేనే పెట్టాను."

గేటు దగ్గరనుంచి డ్రైవరు తిరిగి చూశాడు. వకీలు ఫోను కిందికి దించాడు. గేరక్క తండ్రి మొహంలోకి చూసింది. నలభై ఏళ్లలో ఆయన అబద్ధమాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. కాసేపటి కిందట నాది కాదన్నప్పుడు ఆ గొంతు ఎలా ఉందో, ఇప్పుడు నాదే అన్నప్పుడూ సరిగ్గా అలాగే ఉంది.